కింది దారం

(రేడియో ప్రసంగ పాఠం)

పనిపాటలు ముగించుకొని రేడియో దగ్గర కూర్చున్న తల్లులకు, మామిడితోటల్లో కాపలా పాకలనుండి వింటున్న అన్నదమ్ములకు, మంచంమీదనుండి లేవలేక వింటున్న పెద్దలకు నా వందనములు.

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ముసునూరు వైపునుండి ఒక సహోదరి వ్రాశారు. భర్త లేరు. డ్వాక్రా సంఘం అప్పుతో కుట్టుమిషను కొనుక్కొన్నారు. జాకెట్లు, లంగాలు కుడుతూ ఇద్దరు పిల్లలను చదివించుకొంటున్నారు. ఈ ఏడు ఒక తోట గుత్తదారు తన కాపలావాళ్ళకోసం పదిహేను బొంతలు కుట్టిపెట్టమని పాత చీరల మూటలు ఇంటికి పంపారట. మొదటి బొంత కుట్టి తిరగవేసి చూస్తే అడుగున అంతా ఉచ్చులు ఉచ్చులుగా దారం. ఎవరో చెప్పారని బాబిన్ కేసు మర బిగించారు. ఉచ్చులు ఇంకా పెరిగాయి. అప్పుడు పై దారం మర కూడా బిగించారు. ఇప్పుడు ఉచ్చులు పోయాయి. కుట్టు రెండువైపులా చక్కగా ఉంది. కాని గుడ్డ ముడతలు పడుతోంది, దారం మాటిమాటికీ తెగుతోంది. ఉత్తరం చివర ఇలా ఉంది: "అయ్యగారూ, ప్రార్థన చేయండి. ఉపాయం కూడా చెప్పండి. రెండు బొంతలు ఇప్పటికే ఇచ్చేశాను."

ప్రార్థన చేశాను. ఉపాయం ఈ రోజు చెబుతాను. ఈ పరిచర్యకు రాకముందు నేను దర్జీనని మీలో కొందరికి తెలుసు. పౌలుగారు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట ఉండి డేరాలు కుట్టారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో చదువుతాము. ఆయన గుడారాలలో కుట్టు ఊడినది ఉన్నదో లేదో లూకాగారు వ్రాయలేదు. నా కుట్టు సంగతి మాత్రం నేను చెప్పగలను, చెప్పవలసి ఉన్నది కూడా. ఎందుకంటే ఆ సహోదరి ఇప్పుడు చేసిన పొరపాటే ముప్పది ఏళ్ళ క్రితం నేను చేశాను.

ముందు మన ప్రాంతంలో బొంత అంటే ఏమిటో పట్నంలో వింటున్నవారికి ఒక మాట. ఇదివరకు కృష్ణా జిల్లాలోను, 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలోను ఉన్న మన నూజివీడు చుట్టుప్రక్కల ఎటు చూసినా మామిడితోటలే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయ. సంక్రాంతి దాటి చెట్లు పూతమీద ఉన్నప్పుడు రాత్రులు మంచు కురుస్తుంది. పిందె నిలిచిన దగ్గరనుండి కాయ కోత అయ్యేదాకా తోటలో మనిషి ఉండాలి. ఆ మనిషికి పాకలో ఒక నులకమంచం, ఒక లాంతరు, ఒక బొంత. సగం బొంత క్రింద, సగం బొంత పైన. తెల్లవారుజామున మంచుకు తడుస్తుంది, పగలు ఎండకు ఆరుతుంది, కాయ జీడి అంటుతుంది, వారానికొకసారి బండమీద బాదించుకొంటుంది. ఇంట్లో మడతపెట్టి దాచుకొనే దుప్పటి వేరు, ఈ బొంత వేరు.

దీనికి కొత్త గుడ్డ ఎవరూ కొనరు. అమ్మమ్మ నేతచీర, అత్తగారి వాయిలు చీర, చినిగిన పంచె, ఐదారు పొరలు పరచి కుడతారు. ఒకప్పుడు పొద్దుపోయాక ఆడవాళ్ళు నలుగురూ నాలుగు అంచులు పట్టుకొని చేతితో దూరదూరంగా కుట్లు వేసేవారు. ఆ చేతికుట్టుకు బిగువు గొడవ లేదు. వ్రేళ్ళకే తెలిసేది, ఎంత లాగాలో. మిషనుకు వ్రేళ్ళు లేవు. మనమే దానికి చెప్పాలి.

ఇక మిషను కుట్టు ఎలా పడుతుందో వినండి. ఇది తెలియక మర త్రిప్పేవారు చీకట్లో తాళం త్రిప్పినట్టే. చేతికుట్టుకు ఒక దారం, మిషనుకు రెండు. సూది పై దారాన్ని గుడ్డలోగుండా క్రిందికి దింపుతుంది. సూది కొంచెం పైకి లేవగానే దాని కన్ను వెనుక దారం చిన్న ఉచ్చుగా వదులవుతుంది. క్రిందనున్న కొక్కెపు మొన ఆ ఉచ్చును పట్టుకొని బాబిన్ కేసు చుట్టూ త్రిప్పుతుంది. అంటే బాబిన్ దారం ఆ ఉచ్చులో చిక్కుకొంటుంది. అంతలో పైన దారం లాగే చేయి లేచి ఉచ్చును పైకి లాగేస్తుంది. రెండు దారాలూ ఒకదానినొకటి పెనవేసుకొంటాయి. ఆ పెనవేసుకొన్న చోటును మనం ముడి అంటాము గాని నిజానికి అది ముడి కాదు, రెండు చేతులు ఒకదానినొకటి పట్టుకొన్నట్టు. ఆ పట్టు గుడ్డ పొరల నడుమ దాగి ఉండాలి. పై దారం ఎక్కువ లాగితే అది పైకి తేలుతుంది. కింది దారం ఎక్కువ లాగితే అడుగుకు దిగుతుంది.

ఈ కుట్టుకు అమెరికాలో 1846లో ఎలియాస్ హోవే అనే ఆయన పేటెంటు తీసుకొన్నారు. ఆయన మిషనులో క్రింద గుండ్రటి బాబిన్ లేదు. మగ్గంమీద ఉండే నాడెవంటిది అటూ ఇటూ పరుగెత్తేది. యోబు తన దినములను పోల్చుకొన్న ఆ నేతగాని నాడె లాంటిదే. మన మెకానిక్కులు ఇప్పటికీ క్రింద తిరిగే భాగాన్ని షటిల్ అంటారు. షటిల్ అంటే నాడె. 1851లో సింగర్ వచ్చి మిషనును ఇంటింటికీ చేర్చారు. గాంధీగారు యంత్రాలను గూర్చిన తన అభ్యంతరాలను 1924లో వివరిస్తూ సింగర్ కుట్టుమిషనును మాత్రం మినహాయించారు. భార్య పడే శ్రమ చూడలేక, ప్రేమతో ఆయన దానిని చేశారని గాంధీగారి నమ్మకం. సింగర్ జీవితం చదివినవారెవరూ ఆ మాట ఒప్పుకోరు, ఆయన డబ్బుకోసం చేశారు. అయినా మిషను మంచిదే.

ఇప్పుడు నా సంగతి. నాకు అప్పుడు ఇరవై రెండేళ్ళు. నూజివీడులో ఒక అరుగు అద్దెకు తీసుకొని తొక్కుడు మిషను వేసుకొన్నాను. నాకు పని నేర్పిన గురువుగారు చొక్కాలు, లాగులు కుట్టేవారు. బిగువు కుట్టే మంచి కుట్టు అని ఆయన మాట. గట్టి కొత్త గుడ్డలో అది నిజమే. నేను పై మర, కింది మర రెండూ గట్టిగా బిగించి పెట్టుకొనేవాణ్ణి. నా కుట్టు గీత గీసినట్టు ఉండేది. ఆ గర్వం నాకు బాగా ఉండేది, దేవుడు క్షమించునుగాక.

ఆగిరిపల్లి వైపునుండి ఒక మామ్మగారు వచ్చారు. చంకలో చిన్న మూట. అందులో ఐదు చీరలు. ఆమె కూతురివి. కూతురు పురిటిలో చనిపోయింది, పిల్ల బ్రతికింది. "బాబూ, పిల్ల నా దగ్గరే ఉంది. తల్లి వాసన తెలియదు దానికి. ఈ చీరలతో ఒక బొంత కుట్టిపెట్టు, దానిమీద పడుకోబెట్టుకొంటాను" అన్నారు. నేను డబ్బు తీసుకోనన్నాను. ఆమె వినలేదు, చెంగు ముడి విప్పి ఇచ్చారు.

నా శక్తికొద్దీ మంచి పని చేయాలనుకొన్నాను. అదే చెరుపు చేసింది. మంచి దారమని కొత్తగా వచ్చిన పాలిస్టరు దారం తెచ్చాను. కుట్లు చిన్నవి పెట్టాను, అంగుళానికి పన్నెండుకు తక్కువ లేకుండా. రెండు మరలూ ఇంకొంచెం బిగించాను. కుట్టిన తరువాత ఆ బొంతను అరుగుమీద వేలాడదీస్తే వీధిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

రెండు నెలలకు మామ్మగారు తిరిగివచ్చారు. బొంతను అరుగుమీద పరిచారు. ప్రతి కుట్టు వెంబడీ చీర చినిగిపోయి ఉంది. తపాలా బిళ్ళల కాగితానికి చిల్లులు ఉంటాయి చూడండి, ఆ చిల్లుల వెంబడి చించినట్టు. దారం ఒక్కచోట కూడా తెగలేదు. దారం దారంగానే నిలబడి ఉంది, దాని ప్రక్కన గుడ్డ లేదు.

ఆమె నన్ను ఏమీ అనలేదు. కాసేపు వేలితో ఆ కుట్టును తడిమి, "దారం బాగానే ఉంది అబ్బాయ్, చీరే పోయింది" అన్నారు.

ఆ చీరలు ఇంక ఎక్కడ దొరుకుతాయి? బజారులో ఉన్నవి కావు గదా.

ప్రియులారా, పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే ఆ మాసిక బట్టను లాగి చినుగును ఇంకా పెద్దది చేస్తుందని మన ప్రభువు మత్తయి 9వ అధ్యాయంలో చెప్పారు. ఆయన ఏ సందర్భంలో ఆ మాట చెప్పారో దానిమీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, నేనూ చేశాను. కాని ఆ రోజు అరుగుమీద ఆ మాట నాకు ఉపమానంగా కనబడలేదు. ఆయన పెరిగిన ఇంట్లో ఎవరో పాత బట్టలు బాగుచేసుకొంటుండగా ఆయన చూసి ఉంటారనిపించింది. బలమైనది బలహీనమైనదానిని పట్టుకొని లాగితే చినిగేది ఏదో ఆయనకు తెలుసు.

అయితే నా రెండు దారాలూ సమానంగానే లాగుతున్నాయి గదా? అక్కడే ఉంది అసలు సంగతి. ఉత్తరం వ్రాసిన సహోదరీ, మీరు ఇది బాగా వినాలి. సమానంగా ఉంటే చాలదు. ఇద్దరు మనుషులు తాడును చెరొకవైపు కొంచెంగా లాగినా తాడు నడుమనే ఉంటుంది, బలంకొద్దీ లాగినా నడుమనే ఉంటుంది. చూసేవాడికి తేడా తెలియదు. నడుమ ఒక పాత చీర ఉంటే తెలుస్తుంది. మీరు మొదట కింది మర, తరువాత పై మర బిగించి రెండింటినీ సమానం చేశారు. అందుకే కుట్టు చక్కగా కనబడుతోంది, గుడ్డ మాత్రం ముడతలు పడుతోంది. ఆ ముడత ఇస్తిరీతో పోయేది కాదు.

కాబట్టి కింది దారంతో మొదలుపెట్టండి. కింది దారాన్ని ఆ గుడ్డ ఓర్చుకోగలిగినంత మెత్తగా నిలబెట్టుకొని, తరువాత పై దారాన్ని దానికి సరిపెట్టండి. చాలామంది దీనిని తలక్రిందులుగా చేస్తారు.

కాగితం, కలం ఉంటే వ్రాసుకోండి. మొదట మరలమీద చెయ్యి వేయకండి. అడుగున ఉచ్చులు కనబడగానే అందరూ బాబిన్‌ను నిందిస్తారు, తప్పు అడుగునే కనబడుతోంది గనుక. పదింట తొమ్మిదిసార్లు తప్పు పైన ఉంటుంది. పై దారం బిళ్ళల నడుమ సరిగా కూర్చోలేదన్నమాట. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే బిళ్ళలు మూసుకొని ఉంటాయి, దారం లోపలికి దిగదు, దానిని పట్టుకొనేదేమీ ఉండదు. పాదం పైకి ఎత్తి, దారం మొత్తం తీసేసి, మొదటినుండి ఎక్కించండి. సూది మార్చండి. జాకెట్లు కుట్టిన సూదితో బొంత కుట్టకూడదు, పదహారో నంబరు సూది పెట్టండి, మందం ఎక్కువైతే పద్దెనిమిది. సహోదరీ, మీ మొదటి ఉచ్చులకు కారణం ఇంతే అయి ఉంటుందని నా అనుమానం. మర త్రిప్పే పనే లేకపోవచ్చు.

తరువాత బాబిన్ కేసు బయటికి తీయండి. పాత చీరలనుండి ఎంత నూగు రాలుతుందో మీరు నమ్మరు. కేసుమీదున్న సన్నని పట్టీ క్రిందనే కింది దారం నడుస్తుంది. ఆ పట్టీ క్రింద ఒక్క పోగు నూగు ఇరుక్కొన్నా పట్టీ లేచిపోయి దారం వదులైపోతుంది. పెళ్ళి కార్డు మూల ఒకటి చింపి పట్టీ క్రిందగా దారం వెళ్ళే దారినే లాగండి. పిన్నీసు పెట్టి గీకవద్దు, గీత పడితే ఆ గీతకు దారం తట్టుకొంటుంది. గంజి పెట్టిన చీరలైతే కుట్టకముందే ఉతికి గంజి వదలగొట్టాలి. చీర ఫాల్ ఊడదీయాలి, జరీ అంచు కత్తిరించాలి. జరీమీద సూది పడితే దారం తెగుతుంది, తప్పేమో మిషనుదని అనుకొంటాము.

బాబిన్‌కు దారం చుట్టేటప్పుడు తొందరపడకండి. సమంగా, గట్టిగా, అంచులకు పొంగకుండా. ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లంగా చుట్టిన బాబిన్ ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా దారం ఇస్తుంది. అప్పుడు ఏ మర త్రిప్పినా ప్రయోజనం లేదు. పాలిస్టరు దారాన్ని లాగిపట్టి వేగంగా చుడితే అది సాగి ఉంటుంది, కుట్టులో పడ్డాక మళ్ళీ కుదించుకొని గుడ్డను ముడుస్తుంది. అసలు నేనైతే పాత నూలు చీరలకు నూలు దారమే వాడమంటాను. దారం చీరకంటె గట్టిది కాకూడదు. ఎప్పుడైనా ఏదో ఒకటి తెగవలసి వస్తే దారం తెగనివ్వండి. దారాన్ని మళ్ళీ కుట్టుకోవచ్చు.

ఇప్పుడు పరీక్ష. దారం చుట్టిన బాబిన్‌ను కేసులో పెట్టి, దారం పట్టీ క్రిందినుండి బయటికి తీసి, ఆ దారం కొస పట్టుకొని కేసును మంచంమీదగా వేలాడదీయండి. నేలమీదగా వద్దు, జారిపడితే కేసు సొట్టపోతుంది. దానంతట అది జారిపోతే మర వదులు. చేతిని కొంచెం ఎగరవేసినట్టు కదిపినా కదలకపోతే బిగువు. కదిపినప్పుడు అంగుళమో రెండంగుళాలో దిగి ఆగిపోతే అది మామూలు కుట్టుకు సరి. నేను పాత చీరల బొంతకు ఆ రెండో అంగుళాన్నే కోరుకొంటాను. నిండు బాబిన్‌తోనే చూడండి. ఖాళీ కావచ్చిన బాబిన్ తేలిక, దానితో చూస్తే మోసపోతారు.

మర త్రిప్పవలసి వస్తే, కేసుమీద రెండు మరలు కనబడతాయి. పట్టీ కొసన ఉన్నది పట్టీని పట్టి ఉంచేది, దాని జోలికి పోవద్దు. నడుమ ఉన్నది బిగువు మర. కుడివైపు త్రిప్పితే బిగువు, ఎడమవైపు త్రిప్పితే వదులు. ఎంత త్రిప్పాలి? గడియారం ముల్లు ఐదు నిమిషాలు నడిచినంత. అంతే. త్రిప్పి, మళ్ళీ వేలాడదీసి చూడండి. ముందుగా ఆ మర గాడి ఎటు ఉన్నదో కాగితంమీద గీసిపెట్టుకోండి, పిల్లల ఫోనుతో ఫొటో తీసినా సరే. పళ్ళెంలో గుడ్డ పరచి దానిమీద ఈ పని చేయండి. ఆ మర ఆవగింజంత ఉంటుంది, నేలమీద పడితే ఆ రోజుకు పని అయిపోయినట్టే. నేను ఒకసారి దానికోసం అరుగు క్రింద కాలువంతా జల్లెడ పట్టాను.

తరువాత నమూనా ముక్క. బొంతలో ఎన్ని పొరలున్నాయో అన్నే పొరలు, అవే చీరల ముక్కలు జానెడు తీసుకోండి. పైన ఎర్రదారం, క్రింద తెల్లదారం పెట్టి కుట్టండి. పైన తెల్లచుక్కలు కనబడితే పై దారం ఎక్కువ లాగుతోంది, పై మర వదలండి. అడుగున ఎర్రచుక్కలు కనబడితే పై దారం చాలడంలేదు, పై మర కొంచెం బిగించండి. కింది మర సంగతి మరచిపోండి, అది పరీక్షలో నెగ్గింది గదా. రెండువైపులా ఏ రంగుకు ఆ రంగే కనబడేవరకు పై మరతోనే పని.

ఇక్కడితో ఆగితే మళ్ళీ నా పొరపాటే. ఆ ముక్కను కుట్టుకు అటూ ఇటూ రెండు చేతులా పట్టుకొని అడ్డంగా లాగి వెలుతురుకు ఎత్తి చూడండి. సూది పోటు ఉన్నచోట చిల్లి సాగి పొడుగవుతూ ఉంటే, ఇంకా బిగువుగా ఉన్నదని గుర్తు. అప్పుడు రెండు మరలూ కొంచెం కొంచెంగా వదలాలి, ముందు కింది మర, తరువాత పై మర. కుట్టు పొడుగు కూడా పెంచండి. అంగుళానికి ఏడెనిమిది కుట్లు బొంతకు చాలు. చిన్న కుట్టు గట్టి కుట్టు అని అందరూ అనుకొంటారు. పాత గుడ్డలో ప్రతి కుట్టూ ఒక చిల్లి. ఆ తరువాత ముక్కను కుట్టు పొడుగునా లాగండి. ఏ దారం ముందు తెగితే ఆ దారం బిగువన్నమాట. రెండూ ఒకేసారి పుటుక్కుమంటే సరి.

ఆటోమీద మిషను పెట్టుకొని ఊరూరా తిరిగి, పాత చీరలిస్తే అక్కడికక్కడే బొంత కుట్టి ఇచ్చేవారిని మీరు చూసే ఉంటారు. వారి మిషను పెద్దది, మోటారుతో నడుస్తుంది. పట్నాలలో, విదేశాలలో బొంతలకే చేసిన మిషన్లు ఉన్నాయి. వాటిలో గుడ్డ చట్రంమీద కదలకుండా ఉంటుంది, మిషను తలే దానిమీద తిరుగుతుంది. వంపు తిరిగేచోట చెయ్యి వేగంగా పోతే అడుగున కనురెప్ప వెంట్రుకల్లాగా దారం లేస్తుంది. అక్కడివారు బాబిన్ బిగువును గ్రాములలో కొలిచే చిన్న సాధనం పెట్టుకొంటారు. మనకు ఆ సాధనం లేదు. వేలాడదీసిన కేసు, రెండు రంగుల దారం ఉన్నాయి. సూత్రం అన్నిటికీ ఒక్కటే. మన తొక్కుడు మిషనుమీద మాత్రం ఇంకొక జాగ్రత్త. బొంత బరువు బల్లమీదనుండి క్రిందికి వేలాడితే అది సూదిని లాగి కుట్టు పాడుచేస్తుంది. ప్రక్కన మంచమో స్టూలో వేసుకొని బరువు దానిమీద ఆనించండి. ముందుగా చేతితో దూరపు కుట్లు వేసి పొరలు కదలకుండా చేసుకోండి.

యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను పేతురుగారికి చూపి ఏడ్చారని అపొస్తలుల కార్యములు 9లో ఉన్నది. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. ఆ బట్టలు చూపగలిగారంటే అవి చూపదగినట్టుగా నిలిచి ఉన్నాయన్నమాట. మామ్మగారు నాకు చూపినది నిలవలేదు.

ఆ బొంత ఏమైందని మీరు అడుగుతారు. ఆ రోజు అరుగు మూసేశాను. మిషను ముట్టుకోలేదు. ప్రతి కుట్టునూ బ్లేడుతో ఒక్కొక్కటిగా విప్పాను, రెండు రాత్రులు పట్టింది. గీతకూ గీతకూ నడుమ బెత్తెడు వెడల్పు పట్టీలు మిగిలాయి. వాటిని ఒక మెత్తని పాత పంచెమీద పరచి, మా అమ్మ ప్రక్కన కూర్చుని చూపిస్తుండగా చేతితో కుట్టాను. "లాగకు, ఆనించు" అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. ఐదు చీరల బొంత కాస్తా ఉయ్యాలలో పట్టేంత ముక్క అయింది. మామ్మగారు దానిని తీసుకొని ముఖానికి ఆనించుకొన్నారు, మడతపెట్టి చంకలో పెట్టుకొన్నారు, ఆగిరిపల్లి బస్సుకు వెళ్ళిపోయారు. డబ్బు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

ముసునూరు సహోదరీ, మీకు ఇంకా పదమూడు బొంతలు ఉన్నాయి. ఇచ్చేసిన ఆ రెండింటినీ కూడా తెప్పించుకోండి. గుత్తదారుగారికి ఉన్నమాట చెప్పండి, కోపపడతారేమో, పడనివ్వండి. మొదటి ఉతుకు పడకముందే విప్పితే చీర దక్కుతుంది. విప్పేటప్పుడు దారం లాగవద్దు, మూడు కుట్లకొకటి బ్లేడుతో తెంపి రెండోవైపునుండి తీయండి, వచ్చేస్తుంది. తరువాత నేను చెప్పినట్టు నమూనా ముక్క కుట్టి, ఎర్రదారం పైన, తెల్లదారం క్రింద, కవరులో పెట్టి మా చిరునామాకు పంపండి. ఏ చీరతో కుట్టారో, కేసు ఎన్ని అంగుళాలు జారిందో దానిమీదనే వ్రాయండి. నేను చూసి మరుసటి టపాలోనే జవాబు వ్రాస్తాను.